ప్రార్థన మినిట్స్‌లోకి రాదు

ఈమధ్య ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. ఇద్దరూ లా చదువుకుని, నేను రిటైరయిన సమాఖ్యలోనే కొత్తగా చేరారు. "మేడం, ఒక బిల్లు మీద అందరి అభిప్రాయాలూ తీసుకోవాలి. సభ ఎలా పెట్టాలో మీరు చెప్తే బాగుంటుందండి" అన్నారు. కాఫీ ఇచ్చి చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి అమ్మాయి నా మొహంలోకి చూసి, "మేడం, మీకు కోపం వచ్చిందాండి?" అని అడిగింది.

వచ్చింది. ఎప్పుడో వచ్చింది, ఇంకా పోలేదు. కోపంలో చెబితే సగమే చెబుతాను కాబట్టి మిగతా సగం కూడా కలిపి ఇలా రాసి ఇస్తున్నాను. నేనెప్పుడు చేరాను, ఎప్పుడు జీతం పెరిగింది, ఎన్ని ఫైళ్ళు నడిపాను అనే గొడవ ఇందులో ఉండదు. అవి మీకు ఎందుకూ పనికిరావు.

ఉద్యోగం అంటే ఏమిటి

తెనాలి, బాపట్ల, రేపల్లె వర్తక సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్యలో నేను జీతం తీసుకునే కార్యదర్శిని. ఆఫీసు తెనాలిలో. ప్రభుత్వం వ్యాపారానికి సంబంధించి ఏ చట్టం తలపెట్టినా, పన్ను కానివ్వండి, మార్కెట్ యార్డు కానివ్వండి, కూలీల షెడ్లు కానివ్వండి, ముసాయిదా మాకు వచ్చేది. వ్యాపారులనీ, స్వచ్ఛంద సంస్థలనీ, ఎమ్మెల్యేలనీ ఒక హాల్లో కూర్చోబెట్టి మాట్లాడించడం, మాట్లాడింది రాసి పైకి పంపడం నా పని.

చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. మా బంధువుల పెళ్ళిళ్ళలో "మా భారతి చట్టాలు చేయిస్తుంది" అని చెప్పుకునేవారు. నా మొహం. నేను చేయించింది కుర్చీలు వేయించడం. వేదిక మీద ఎవరు, ముందు వరసలో ఎవరు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే అలగరు, ఎవరి పేరు ముందు పిలవాలి అనే వాటితోనే వారం గడిచిపోయేది. చట్టం గురించి మాట్లాడే టైము వచ్చేసరికి అందరికీ ఆకలేసేది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సభ ఎవరి కోసమో తెలియాలంటే ఆహ్వాన పత్రిక చూడొద్దు, మైకు వైరు చూడండి. వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీల షెడ్ల మీద ఒక బిల్లు వచ్చినప్పుడు తెనాలిలో సభ పెట్టాం. ఆ షెడ్లలో గింజలు కొట్టి వేళ్ళు నల్లబడ్డ ఆడవాళ్ళను కూడా పిలిచాం. వాళ్ళను చివరి వరసల్లో కూర్చోబెట్టారు. "ఇప్పుడు కార్మిక సోదరీమణులు మాట్లాడతారు" అని వేదిక మీద నుంచి గొప్పగా ప్రకటించారు. మైకు తీసుకుని వెళ్తే వైరు మధ్య వరసకి వచ్చి ఆగిపోయింది. పోనీ వాళ్ళను ముందుకి రమ్మనవచ్చు కదా. లేదు. "గట్టిగా చెప్పండమ్మా, వినపడుతుంది" అన్నారు. వాళ్ళు గట్టిగానే చెప్పారు. వేదిక మీద వాళ్ళు తలలూపుతూ పక్కవాళ్ళతో మాట్లాడుకున్నారు.

మర్నాడే బజారుకి వెళ్ళి నా సొంత డబ్బుతో పొడుగాటి వైరు కొని ఆఫీసు బీరువాలో పెట్టాను. తర్వాత ఏ సభకి వెళ్ళినా అది నా సంచిలో ఉండేది. ఆ మాత్రం దానికే నన్ను "కమ్యూనిస్టు మేడం" అన్నారు.

ముగ్గురి గురించి మూడు మాటలు

వ్యాపారులతో నేను జీవితమంతా పనిచేశాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకి ఏం కావాలో వాళ్ళకి తెలుసు, ఆ మాట దాచుకోరు. ఒకాయన చట్టం వల్ల తనకెంత నష్టమో చెబుతాడు, ఎదుటివాడికెంత నష్టమో చెప్పడు, అంతే. అది నేను అర్థం చేసుకోగలను.

స్వచ్ఛంద సంస్థల వాళ్ళను మాత్రం క్షమించలేకపోయేదాన్ని. బాపట్ల నుంచి ఒక రిటైర్డు లెక్చరరు గారు ప్రతి సభకీ వచ్చేవారు. "నిరుపేద మత్స్యకార మహిళల తరఫున" అని మొదలుపెట్టి దేశదేశాల సంగతులు చెప్పేవారు. ఒకసారి అడిగాను, "మాస్టారూ, ఆ మహిళల్లో ఒక్కరిని వెంట తీసుకురావచ్చు కదండి?" అని. "వాళ్ళకి ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయమ్మా, పని పోగొట్టుకుని రావాలి పాపం" అన్నారాయన, ఎంతో దయగా. దయతో నోళ్ళు మూయించడం ఎలాగో ఆయన దగ్గర చూశాను.

ఎమ్మెల్యేలు అంటారా, వాళ్ళు వింటారు. నిజంగానే వింటారు, అది వాళ్ళ వృత్తి. వినడం వేరు, విన్నదాన్ని బిల్లులో పెట్టడం వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో ఇప్పుడు చెప్పబోయేది వింటే మీకే తెలుస్తుంది.

రేపల్లె ప్యాసింజరు

నా సర్వీసు చివరి రోజుల్లో చేపల వ్యాపారం మీద ఒక బిల్లు ముసాయిదా వచ్చింది. పడవ ఒడ్డుకి చేరిన దగ్గర నుంచి చేప వంటింటికి వెళ్ళేదాకా ప్రతి అమ్మకమూ లైసెన్సు కింద జరగాలని దాని సారాంశం. శుభ్రత, నాణ్యత, ఎగుమతులు అని మొదటి పేజీలోనే రాశారు. అంతా బాగానే ఉంది. లోపల 'అమ్మకందారు' అంటే ఎవరో నిర్వచనం ఇచ్చారు. స్థిరమైన చిరునామాతో దుకాణం, అందులో ఐసు పెట్టె ఉన్నవాళ్ళే అమ్మకందారులు. లేనివాళ్ళు అమ్మితే సరుకు స్వాధీనం చేసుకుని పారబోయవచ్చు.

ఆ పేజీ నేను రేపల్లె నుంచి తెనాలి వచ్చే ప్యాసింజరులో చదివాను. రైలు పెట్టె నిండా చేపల గంపలు. నిజాంపట్నం, అడవులదీవి వైపు నుంచి ఆడవాళ్ళు తెల్లారకుండానే ఆటోల్లో రేపల్లె వచ్చి, ఆ రైలెక్కి, భట్టిప్రోలులో కొందరు, తెనాలిలో కొందరు దిగి వీధి వీధీ తిరిగి అమ్ముకుంటారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ చూస్తున్నాను. వాళ్ళలో ఒక్కరికీ దుకాణం లేదు. అంటే ఈ కాగితం గనక చట్టమైతే ఆ పెట్టెలో కూర్చున్న ఆడవాళ్ళందరూ నేరస్తులే.

నా ఎదురుగా కూర్చున్నావిడ పేరు రూతమ్మ. అడవులదీవి. యాభై దాటి ఉంటుంది. పెద్ద గొంతు, ఎవరికీ జంకని మనిషి. ఆవిడ పక్కన తోటికోడలు శాంతమ్మ, అంత నెమ్మది మనిషిని నేను చూడలేదు. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వచ్చేవారు. నాకు మొహాలు తెలుసు, అంతకుమించి పరిచయం లేదు. మా ఇంట్లో చేప వండరు.

ఉండబట్టలేక ఆ పేజీలో ఉన్నది తెలుగులో చెప్పాను. రూతమ్మ గంప మీద గుడ్డ సర్దుతూ విన్నది.

"అంటే ఏంటమ్మా, మేం అమ్మకూడదా?"

"షాపు ఉంటే అమ్మొచ్చంట."

"షాపే ఉంటే ఈ రైలెందుకు ఎక్కుతానమ్మా? ఎవరు రాశారిది?"

"పైన రాశారు. మన అభిప్రాయం అడుగుతున్నారు."

"మన అభిప్రాయమా? మీరు చేప కొనరు, తినరు. మీ అభిప్రాయం ఎందుకంటమ్మా వాళ్ళకి?"

శాంతమ్మ నవ్వాపుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. నాకు సిగ్గేసింది, రోషమూ వచ్చింది. "అయితే నువ్వే వచ్చి చెప్పు" అన్నాను. "పిలిస్తే రానా" అంది రూతమ్మ.

ఆ బిల్లులో ఒకే ఒక్క వాక్యం చేరిస్తే చాలు. 'గంపతో తిరిగి అమ్ముకునేవారికి ఈ సెక్షన్ వర్తించదు.' ఇంత చిన్న వాక్యం. దానికోసం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

ప్రార్థన ఎవరి చేత చేయించాలి

అప్పటి మా ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఎగుమతిదారులకి ఐసు ఆయనే వేస్తారు. మనిషి మర్యాదస్తుడు, నన్ను ఎప్పుడూ పేరుపెట్టి పిలిచి ఎరగరు, "కార్యదర్శి గారూ" అనేవారు. సభ జరగకముందే తీర్మానం టైపు చేయించి జేబులో పెట్టుకోవడం ఆయన అలవాటు. "చివర్లో హడావుడి ఉండదండి" అనేవారు.

బాపట్లలో సభ పెట్టాం. ఎమ్మెల్యే గారు వస్తున్నారు. బిల్లును పరిశీలించే శాసనసభ కమిటీలో ఆయన సభ్యుడు. మత్స్యశాఖ నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నారు. గంపల ఆడవాళ్ళకి పది నిమిషాలు ఇవ్వాలని నేను పట్టుబట్టాను.

"వక్తల జాబితా అయిపోయిందండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఇంకొక్క పేరు చేర్చండి సార్."

"ఒకర్ని చేరిస్తే ఆటో యూనియను వాళ్ళడుగుతారు, వాళ్ళను చూసి ఇంకొకరు." కొంచెం ఆలోచించి ఆయనే అన్నారు, "ఒక పని చేద్దాం. ప్రార్థన వాళ్ళ చేత చేయిద్దాం. వేదిక ఎక్కినట్టూ ఉంటుంది, టైమూ పోదు. ఫోటో కూడా బాగుంటుంది."

మామూలుగా మా సభల్లో ఎవరో ఒక స్కూలు పిల్ల వచ్చి రెండు చరణాలు పాడి వెళ్ళిపోతుంది. ప్రెసిడెంటు గారికి తెలిసిన ప్రార్థన అదే. నేను చదువుకున్నది లూథరన్ మిషన్ బడిలో. అడవులదీవి వైపు లూథరన్ స్త్రీల సమాజంలో ప్రార్థన చేసే ఆడవాళ్ళను నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. వాళ్ళ ప్రార్థన పాట కాదు, పుస్తకం చూసి చదివేదీ కాదు. కళ్ళు మూసుకుని, ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరి పడవ ఇంకా తిరిగి రాలేదో అన్నీ దేవుడికి విడమరిచి చెబుతారు. దానికి టైము అంటూ ఉండదు. ఆమేన్ అనేదాకా ఎవరూ కదలరు. రూతమ్మ ఆ సమాజానికి పెద్ద.

ఇదంతా నాకు తెలుసు. "మంచి ఆలోచన సార్" అని ఊరుకున్నాను.

బాపట్లలో

సభ మొదలైంది. "ప్రార్థన చేయవలసిందిగా శ్రీమతి రూతమ్మ గారిని" అని పిలిచారు. ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. రూతమ్మ కళ్ళు మూసుకుంది. ఎమ్మెల్యే గారూ, అధికారి గారూ, ప్రెసిడెంటు గారూ తలలు వంచారు.

"పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ, నీకు వందనాలు. రాత్రంతా మమ్మల్ని కాచి ఈ పొద్దు చూపించావు, స్తోత్రం. ఈ పెద్దవాళ్ళనందర్నీ ఇక్కడికి నడిపించావు, స్తోత్రం."

ఇక్కడిదాకా అందరికీ హాయిగానే ఉంది.

"తండ్రీ, ఎమ్మెల్యే గారిని దీవించు. ఓట్లప్పుడు మా వీధిలోకి వచ్చి నా గంప ఎత్తి నెత్తిన పెట్టారు, ఫోటో కూడా తీయించుకున్నారు. ఆ గంపని ఇప్పుడు నేరం చేస్తున్నారంట తండ్రీ. షాపు లేందే చేప అమ్మకూడదంట. నాకు షాపు లేదని నీకు తెలుసు. నా షాపు నా నెత్తి మీదే ఉంది. వారికి వినే మనసు దయచేయి."

హాల్లో ఎవరో దగ్గారు. ప్రెసిడెంటు గారు ఒక కన్ను తెరిచి నావైపు చూశారు. నేను రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాను.

"ఐసు ఫ్యాక్టరీలను దీవించు తండ్రీ. లారీలను దీవించు. వాళ్ళ సరుకు ఓడలెక్కి దేశాలు దాటాలి, మాకేం అసూయ లేదు. మా సరుకు భట్టిప్రోలు దాటితే చాలు. నా తోటికోడలు శాంతమ్మని జ్ఞాపకం చేసుకో. మొగుడు సముద్రానికెళ్ళి రాలేదు. ఇద్దరాడపిల్లలని ఈ గంపతోనే చదివిస్తుంది. ఒక్క మాట రాయమని ఈ పెద్దల మనసులో పెట్టు. గంపోళ్ళ జోలికి రాము అని ఒక్క మాట."

అలా ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. ప్రెసిడెంటు గారు మెల్లగా మైకు దగ్గరికి అడుగు వేయబోతే ఎమ్మెల్యే గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ఆపక చస్తారా. ప్రార్థన మధ్యలో మైకు లాక్కున్నారన్న మాట పుట్టిందంటే, ఎమ్మెల్యే గారు మళ్ళీ ఓట్లకి ఆ ఊళ్ళవైపు వెళ్ళనక్కర్లేదు.

రూతమ్మ ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి సగం హాలు కళ్ళు తుడుచుకుంటోంది. లెక్చరరు గారు వెక్కి వెక్కి ఏడ్చారు. ఎమ్మెల్యే గారు తనకి కప్పడానికి తెచ్చిన శాలువా రూతమ్మకి కప్పారు. "తల్లీ, నీ ప్రార్థన నా గుండెని తాకింది" అన్నారు మైకులో. ఫోటోలు తీశారు. నేను లోపల్లోపల గంతులేశాను. పది నిమిషాలు ఇవ్వనన్నవాళ్ళు అంతసేపు నిలబడి విన్నారని పొంగిపోయాను.

తర్వాత వక్తలు వరసగా మాట్లాడారు. చివర్లో ప్రెసిడెంటు గారు జేబులోంచి తీర్మానం తీశారు. బిల్లును సమాఖ్య హృదయపూర్వకంగా స్వాగతిస్తోందని చదివారు. చప్పట్లు కొట్టారు. భోజనాలకి లేచారు.

మినిట్స్

సభలో జరిగినదంతా మినిట్స్ రాసి, అధికారి గారి సంతకం తీసుకుని పంపాలి. రూతమ్మ చెప్పిందంతా పూసగుచ్చినట్టు రాశాను. ఆ ఒక్క వాక్యాన్ని సవరణగా పెట్టాను. అధికారి గారు చదివి, పెన్ను తీసి, ఆ పేరా అంతా కొట్టేశారు. దాని స్థానంలో 'ప్రార్థనతో సభ ప్రారంభమైనది' అని రాశారు.

"సార్, ఆవిడ చెప్పింది మీరంతా విన్నారు కదండి."

"విన్నామమ్మా. నేనూ కదిలిపోయాను. కానీ ఆవిడ మనకి చెప్పలేదు కదా. దేవుడికి చెప్పుకుంది. దేవుడికి చెప్పుకున్నది విజ్ఞాపన కింద రాదు."

"మరి ఆవిడకి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు కదండి."

"అది మీ సంఘం చూసుకోవలసింది."

ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్ళాను. "కమిటీ ముందు కాగితం ఉండాలమ్మా. కాగితంలో లేనిది నేనెలా మాట్లాడతాను?" అన్నారు. ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను. "మనం వాళ్ళను వేదిక ఎక్కించాం. ఇంకేం చేయాలండి?" అన్నారు.

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగారు. నా ఒళ్ళు మండిపోయింది. ఏడవడానికి అడ్డం రాని రూలు, రాయడానికి అడ్డం వచ్చింది. ఆ కన్నీళ్ళు దొంగవి అని నేను అనను. నిజమైన కన్నీళ్ళే, అందుకే నాకు ఇంకా మంట. ఏడ్చినవాళ్ళందరికీ మనసు తేలికపడింది. తమ వంతు పని అయిపోయిందనిపించింది. ఒక్కరు కూడా ఏడవకుండా, రూతమ్మను కసిరి కూర్చోబెట్టి ఉంటే, కనీసం గొడవైనా అయ్యేది. గొడవ జరిగితే మినిట్స్‌లో రాస్తారు.

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగి చదవండి. దొడ్డిదారిన లోపలికి పంపిన మనిషి మాట అందరికీ వినపడుతుంది, లెక్కలోకి మాత్రం రాదు. ప్రార్థన, స్వాగతం, పుష్పగుచ్ఛం, వందన సమర్పణ, వీటిల్లో ఎవరినైనా ఇరికిస్తామంటే ఒప్పుకోకండి. వక్తల జాబితాలో పేరు ఉండాలి. లేదంటే సభే వద్దని మొండికేయండి.

బిల్లు చట్టమైంది. ఆ వాక్యం అందులో లేదు.

ఫినాయిలు

కొన్నాళ్ళకి రేపల్లె బస్టాండు దగ్గర తనిఖీ పెట్టారు. శాంతమ్మ గంప పట్టుకున్నారు. అమ్మకూడదన్నారు, తీసుకున్నారు, పారబోశారు, అంతవరకూ చట్టంలో ఉంది. ఎవరూ మళ్ళీ ఏరుకోకుండా ఆ కానాగంత చేపల మీద ఫినాయిలు పోశారు. జనం చుట్టూ మూగి చూశారు. శాంతమ్మ ఖాళీ గంప అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయిందట. మళ్ళీ రైలెక్కలేదు.

నాకు రూతమ్మ చెప్పింది, రైల్లోనే. పక్క సీటు ఖాళీగా ఉంది.

"పెద్దపిల్లని చదువు మానిపించి రొయ్యల కంపెనీలో పెట్టింది. నేను తిట్టాను. ఎన్ని తిట్టినా పలకదు."

"నేను రాశాను రూతమ్మా. కొట్టేశారు."

"తెలుసులెండమ్మా. మిమ్మల్ని అనట్లేదు." గంప కాళ్ళ దగ్గరికి జరుపుకుంటూ అంది, "ఆ రోజు శాలువా కప్పారు గదా. దాన్ని శాంతమ్మకిచ్చాను. చలికి కప్పుకుంటుంది."

ఆ వారమే రిటైరవ్వవలసిన నేను, మనసు మార్చుకుని, ఇంకొన్నాళ్ళు ఉంటానని ప్రెసిడెంటు గారికి చెప్పాను. చట్టం అయిపోయినా దాని నిబంధనలు రాయడం మిగిలే ఉంది. వాటి కోసం ఇంకో సభ జరుగుతుంది. దానికోసం ఉన్నాను.

రేపల్లెలో

ముందే చెప్పేస్తాను, మీరు ఊహలు పెంచుకోకుండా. ఆ వాక్యం చివరికి నిబంధనల్లో చేరింది. పంచాయతీ ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలని దాని తోకకి ఒక షరతు కట్టారు. కార్డు కోసం ఆ ఆడవాళ్ళు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు. శాంతమ్మ తిరిగి గంప ఎత్తలేదు. పిల్ల తిరిగి కాలేజీకి వెళ్ళలేదు. అందుకే మీ ముందు నా మొహం అలా అయింది.

రేపల్లె సభకి వక్తల జాబితా రాసేటప్పుడు రూతమ్మ పేరు నేనే మొదట పెట్టాను. ప్రెసిడెంటు గారు కొట్టేశారు. "ఆవిడ ప్రార్థన చేస్తుంది కదండి. కిందటిసారి బ్రహ్మాండంగా చేసింది. ఎమ్మెల్యే గారు ప్రత్యేకంగా అడిగారు కూడా" అన్నారు. ఈసారి టైము కూడా కేటాయించామని, కార్యక్రమంలో ప్రార్థన పక్కన పది నిమిషాలు వేశారు. నేను అడిగిన పది నిమిషాలే. నేను రూతమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రార్థన లెక్కలోకి ఎందుకు రాలేదో అధికారి అన్న మాటలతో సహా చెప్పాను. "సరేలెండమ్మా, వస్తాను" అంది.

అదే ఎమ్మెల్యే గారు, అదే అధికారి, అదే ప్రెసిడెంటు గారు. పిలవగానే రూతమ్మ వేదిక ఎక్కింది. అందరూ లేచారు. తలలు వంచారు. కళ్ళు మూసుకున్నారు. కొందరు అప్పుడే జేబురుమాళ్ళు తీశారు.

"కూర్చోండి" అంది రూతమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. ఒకరిద్దరు కళ్ళు తెరిచారు.

"కూర్చోండయ్యా. కళ్ళు తెరవండి. ప్రార్థన పొద్దున్నే ఇంటికాడ చేసుకొచ్చాను. ఆయన కిందటిసారే విన్నాడు. వినంది మీరు. ఇప్పుడు చెప్పేది ఆయనకి కాదు, మీకు."

కుర్చీలు చప్పుడు చేశాయి. అందరూ కూర్చున్నారు. కూర్చున్నాక ఆవిడ మొహం చూడక తప్పలేదు.

"నా పేరు రూతమ్మ. మాది అడవులదీవి. గంపతో తిరిగి అమ్ముకునేవాళ్ళకి ఈ చట్టం వర్తించదని రాయండి. మా శాంతమ్మ చేపల మీద ఫినాయిలు పోసినవాళ్ళు ఏ సెక్షను కింద పోశారో చెప్పండి. నేను అడిగేది ఈ రెండే. భారతమ్మగారూ, రాశారా?"

"రాశాను" అన్నాను.

"చదవండి."

లేచి చదివాను. నా పొడుగాటి వైరు ఆ రోజు వేదిక మీద నుంచి నా బల్ల దాకా వచ్చింది. అధికారి గారు నన్ను వారించబోయి, రూతమ్మ తనవైపే చూస్తోందని గమనించి, ఊరుకున్నారు.

"ఆఫీసరు గారూ, ఇది దేవుడికి చెప్పింది కాదండి. ఈసారి కొట్టేయకండి" అంది రూతమ్మ. ఫినాయిలు ప్రశ్నకి ఆ రోజు జవాబు రాలేదు. ఇవాళ్టిదాకా రాలేదు.

ఒక్కరి కంటా నీళ్ళు లేవు. అప్పుడు ప్రెసిడెంటు గారు లేచి, సభ పద్ధతి తప్పిపోతోందన్న కంగారులో మెల్లగా అన్నారు, "అమ్మా, మరి ప్రార్థన? ప్రార్థన లేకుండా ఎలా మొదలుపెడతాం?"

రూతమ్మ మైకు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు చేయండి సార్. మేం నిలబడి వింటాం."

అని కిందికి దిగి, మొదటి వరసలో తల వంచి కళ్ళు మూసుకుని నిలబడింది. ఆవిడను చూసి వెనక గంపల ఆడవాళ్ళందరూ లేచారు. వాళ్ళను చూసి హాలంతా లేచింది. ఎమ్మెల్యే గారు కూడా లేచి తల వంచారు.

కోటేశ్వరరావు గారు మైకు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఒక్క మాట కూడా రాలేదు. ఆయనకి అడగడానికి ఏమీ తోచలేదు. కావలసినవన్నీ అప్పటికే చట్టంలో ఉన్నాయి.